మూలగదిలో ఎవరో పడుకున్నారు

మూలగది తలుపు లోపలి పిడి తన చేతిలోకి ఊడి వచ్చినప్పుడు హోటలాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు, ఎవరిదో వస్తువు పొరపాటున తనకిచ్చి వెళ్ళినట్టు. ఇత్తడి పిడి, నున్నగా, చల్లగా, మంచి బరువు. ఇది వదులైందని భార్య చెప్పినప్పుడు వడ్రంగిని పిలుద్దాంలే అన్నది ఎవరు, తనే. మళ్ళీ చెప్పినప్పుడు వడ్రంగి ఎందుకు, నేను లేనా అన్నదీ తనే. సందులో ఒక కాగితం మడత కుక్కి, ఇక ఇది మన మనవలు ముసలివాళ్ళయ్యేదాకా కదలదు అని చేతులు దులుపుకున్నదీ తనే. ఆ కాగితం మడత ఇప్పుడు గడప దగ్గర బుద్ధిగా పడి ఉంది. పిడిని మళ్ళీ తగిలిస్తే ఊరికే గిరగిరా తిరుగుతోంది తప్ప గడియ కదలడం లేదు. పిడి తగిలే కడ్డీ మొన గోరంత బయటికి ఉంది, వేళ్ళతో పట్టుకుంటే జారిపోతోంది. అవతలి పక్క పిడికి ఏ రోగమూ లేదు, బయటినుంచి చిన్నపిల్ల తిప్పినా తలుపు ఇట్టే తెరుచుకుంటుంది, కాకపోతే బయట ఎవరూ లేరు. ముందు నవ్వొచ్చింది. కింద భోజనాల హాలు, పైన గదులు, వెనక వంటిల్లు, రోడ్డు మలుపులో ఇంత హోటలు పెట్టుకుని, పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ వచ్చినవాళ్ళకు తలుపులు తీయడమే పనిగా బతికి, చివరికి సొంత తలుపు తీసుకోలేక నిలబడ్డాడు.

కేకేస్తే పోతుంది. కిటికీ కిందే వంటింటి పెరడు, వంటాయన అక్కడే ఉల్లిపాయలు తరుగుతుంటాడు, ఒక్క అరుపు చాలు. కానీ వంటాయన నోట్లో నువ్వుగింజ నానదు. వాడు పైకి వచ్చి తలుపు తీసి, అయ్యో అయ్యగారూ అని ఎంతో విచారంగా ముఖం పెట్టి, సాయంత్రం కూరగాయలకు వెళ్ళినప్పుడు బజారంతా చెప్పి వస్తాడు, రేపటినుంచి పాలవాడి దగ్గర్నుంచి బస్సు కండక్టరు దాకా ప్రతివాడూ తలుపు జాగ్రత్తండీ అని పలకరించేవాడే. పోనీ అదైనా భరించొచ్చు. ఇవాళ కోటాయన వస్తున్నాడు. ఎండాకాలంలో కూడా కోటు విప్పని ఆ పట్నం పెద్దమనిషి ఈ హోటలు కొంటానని కిందటిసారి చెప్పి వెళ్ళాడు, ఇవాళ మధ్యాహ్నం కాఫీ వేళకు వచ్చి జవాబు అడుగుతానన్నాడు. ఆయన ఎదుట, యజమాని తన గదిలో తానే ఇరుక్కున్నాడు, ఎవరైనా వచ్చి తియ్యండి అని కిటికీలోంచి అరవడమా. ముఖం ఎలా చెల్లుతుంది. ఇంతకంటే హాయిగా మంచం మీద కూర్చుంటే ఎవరో ఒకరు నడవాలోకి రాకపోరు, వచ్చినవాళ్ళను మెల్లిగా పిలిస్తే గుట్టుగా పని అయిపోతుంది. కూర్చున్నాడు. మంచం గోడవైపు కొంచెం ఒరిగింది. ఇది ఇలా ఒరుగుతుందని తనకు తెలియదే.

తెలియకపోవడం తప్పే, అమ్మ ఉంటే చెవి మెలేసేది. ఈ హోటలు పెట్టింది అమ్మ. గది ఎవరికైనా ఇచ్చే ముందు తలుపు మూసుకుని మంచం మీద వెల్లకిలా పడుకుని చూడమనేది, మనం చిమ్మేవాళ్ళం కాబట్టి నేల చూస్తాం, వచ్చినవాళ్ళు పడుకునేవాళ్ళు కాబట్టి కప్పు చూస్తారు అనేది, తను చిన్నప్పుడు ఆ పని తనకే అప్పగిస్తే మహా సంబరంగా ఒక్కో గదిలో దొర్లి, ఒక్కోసారి నిద్రపోయి, వచ్చినవాళ్ళు పెట్టెతో లోపలికొచ్చి మంచం మీద కుర్రాణ్ణి చూసి బెదిరిపోతే అమ్మ వాళ్ళకు క్షమాపణలు చెప్పుకుంటూ తనను భుజాన వేసుకుని తీసుకుపోయేది. ఆ భుజం ఎప్పుడూ సబ్బు వాసన. ఎన్నేళ్ళయింది తను ఇలా పడుకుని. ఈ మధ్య తలుపు తీసి, తల లోపలపెట్టి, బాగానే ఉందిలే అని వెళ్ళిపోవడమే. ఇవాళ మాత్రం అమ్మ చెప్పినట్టే చూద్దామనిపించింది, అమ్మేసే ముందు ఒక్క గదైనా, ఉంచుకునేటట్టయితే ఒక్క గదైనా. ఏది అన్నది ఇంకా తేలలేదు. తేల్చుకోవడానికే ఇక్కడికి వచ్చాడు, నిజం చెప్పాలంటే. పడుకున్నాడు. కప్పు మీద నీటి మరక ఒకటి, ఒళ్ళు విరుచుకుంటున్న పిల్లిలా ఉంది, తోక కూడా ఉంది. ఇన్నాళ్ళూ ఈ మంచం మీద పడుకున్న ప్రతివాడూ దీన్ని చూశాడన్నమాట, ఒక్కడూ చెప్పలేదు. మంచివాళ్ళు పాపం. లేక పిల్లి నచ్చిందేమో.

కాళ్ళు హాయిగా ఉన్నాయి ఇప్పుడు. పెద్దల్లుడు పంపిన కొత్త బూట్లు కోటాయన కోసమని పెట్టెలోంచి తీసి వేసుకుంటే మెట్లెక్కేలోపే మడమలు కొరికేశాయి. ఏ గదిలోకైనా కాళ్ళకున్నవి బయట విడిచే రావడం ఒంటికి పట్టిన అలవాటు కనుక తలుపు పక్కన విడిచాడు, జంటగా, మొనలు గోడవైపుకు, ఎవరికో అమర్చి పెట్టినట్టు. అక్కడ ఆగింది ఆలోచన. లేచి కూర్చున్నాడు. తలుపు బయట బూట్లు. అవి తనవని ఎవరికీ తెలియదు, పెట్టె ఇవాళే విప్పాడు. పాత చెప్పులు వంటింటి గుమ్మం దగ్గరే ఉన్నాయి, అవి చూసినవాళ్ళు తను ఏ పెరట్లోనో ఉన్నాడనుకుంటారు. ఇక మూలగది ముందు బూట్లు చూసినవాళ్ళు ఏమనుకుంటారు, ఎవరో పెద్దమనిషి దిగి నిద్రపోతున్నాడనుకుంటారు. చెప్పులున్న తలుపు తట్టకూడదు. అది కూడా అమ్మ పెట్టిన పద్ధతే, రోడ్డున పడి అలిసి వచ్చిన మనిషి నిద్రపోతే ఇల్లు కూలినా లేపకూడదనేది, బయట చెప్పులుంటే ఆ తలుపు దాకా పోకూడదు, నడవాలో గొంతెత్తకూడదు. ఆ పద్ధతిని తను అక్షరం పొల్లుపోకుండా నడిపాడు, పనివాళ్ళకు నూరిపోశాడు, భార్యకు చెప్పాడు, పిల్లలకు చెప్పాడు. అందరూ విన్నారు, ఒక్క వసపిట్ట తప్ప.

వసపిట్ట అంటే చిన్నకూతురు. మాటలు వచ్చిన రోజునుంచీ ఆపలేదు కనుక అమ్మే ఆ పేరు పెట్టింది. పెద్దది బుద్ధిమంతురాలు, పెళ్ళి చేసుకుని పట్నం వెళ్ళి వేళకు భోంచేస్తూ సుఖంగా ఉంది. ఈ చిన్నది మాత్రం ఇంత ఎత్తున్నప్పటినుంచీ చెప్పులున్న తలుపులన్నీ తట్టింది, లోపల ఏం చేస్తున్నారండీ, మీ ఊళ్ళో వాన పడుతోందా, మీ ఆవిడ రాలేదేం, అని. తనకేమో హోటలు నడిపేవాడు కంటికి కనిపించకూడదని నమ్మకం, మంచినీళ్ళు నిండి ఉండాలి, నింపినవాడు కనిపించకూడదు. ఇదేమో ప్రతివాళ్ళ మోకాలినొప్పీ, ప్రతివాళ్ళ మేనకోడలి చదువూ వాకబు చేస్తుంది, హాల్లో పకపకా నవ్వుతుంది. ఇవాళ పొద్దున్నే చూడు, విత్తనాల ఏజెంటు రాత్రంతా ప్రయాణం చేసి వచ్చి తెల్లారి పడుకుంటే, తలుపు ముందు చెప్పులు కళ్ళెదుట కనిపిస్తుంటే, దబదబా బాది లేపింది. చినుకులు పడుతున్నాయండీ, మీ శాంపిల్ సంచులు బండి మీద తడిసిపోతాయి అని. ఆయన పరుగెత్తి సంచులు లోపల పెట్టుకుని, నీ రుణం తీర్చుకోలేనమ్మా అన్నాడు కూడా. అయినా తను ఊరుకోలేదు. పద్ధతి పద్ధతే అన్నాడు. నీకు ఈ హోటలెలా అప్పజెప్పమంటావు అన్నాడు, ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఎప్పుడూ ఒంటికాలి మీద లేచే పిల్ల ఒక్క మాటా ఎదురు చెప్పలేదు. సరే నాన్నా, ఇక చెప్పులున్న తలుపు జోలికి వెళ్ళను, అంది. అని పళ్ళేలు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. అప్పటినుంచీ గుండెలో ఏదో చిన్న ముల్లు.

ఎందుకంటే జవాబు కోటాయనకే కాదు, దానికీ చెప్పాలి. పట్నంలో పెద్ద హోటలువాళ్ళు ఉద్యోగానికి రమ్మన్నారు, వస్తుందో రాదో ఈ సాయంత్రం చెప్పమన్నారు. నువ్విస్తే నేను నడుపుతాను నాన్నా, ఇవ్వనంటే అమ్మేసుకో, నా దారి నేను చూసుకుంటాను, అంది వారం కిందట. భార్య ఏ పక్కా మాట్లాడలేదు, మాట్లాడకుండానే కూతురి పక్క అని తెలిసిపోయేట్టు పప్పు గరిటె బండ మీద కొట్టింది. తనే నీళ్ళు నమిలాడు. అమ్మేస్తే చేతిలో ఇంత ఉంటుంది, భార్య నడుము నొప్పికి విశ్రాంతి దొరుకుతుంది, అంతా నిజమే. పిల్ల వెళ్ళిపోతుంది, అదీ నిజమే. పిల్లకిస్తే, మరి ఈ నోటితో, ఈ నవ్వుతో, అమ్మ కట్టిన పద్ధతంతా ఏడాదిలో సంత చేసెయ్యదూ.

నడవాలో అడుగుల చప్పుడు. హమ్మయ్య. చెప్పులు టపటపలాడించే ఆ నడక వసపిట్టదే, మెట్లన్నీ ఎక్కి ఇటే వస్తోంది, నోట్లో ఏదో పాట కూడా ఉంది. లేచి తలుపు దగ్గరికి వెళ్ళాడు. ఏమని పిలవాలి, అమ్మాయ్, నేనే, ఇరుక్కున్నాను అనా, పొద్దున అంత తిట్టి ఇప్పుడా. గొంతు సవరించుకున్నాడు, అంతే, ఖళ్ళుమని చిన్న దగ్గు వచ్చింది. పాట ఆగిపోయింది. టపటపలు ఆగిపోయాయి. బూట్లు చూసినట్టుంది. తలుపుకు ఇటు తను, అటు అది, మధ్యలో జానెడు చెక్క. ఇక పిలుద్దామని నోరు తెరిచేలోగా చెప్పులు చేతిలోకి తీసుకున్న చప్పుడు, ఆ వెంటనే వెనక్కి పిల్లి అడుగులు, మెత్తగా, మెత్తగా, మెట్ల దాకా. వెళ్ళిపోయింది. జన్మలో మొదటిసారి చెప్పినమాట విన్నది. పాతికేళ్ళు చెప్పగా చెప్పగా వినని పిల్ల ఇవాళే, ఈ గంటలోనే, ఈ తలుపు దగ్గరే వినాలా. హోటలాయన చేతిలో పిడి పట్టుకుని మంచం మీద కూలబడ్డాడు.

కిటికీలోంచి దాని గొంతు వినిపించింది, వంటాయనతో, గుసగుసగా. మూలగదిలో ఎవరో పడుకున్నారు, కాస్త చప్పుడు చెయ్యకు. ఎవరిచ్చారు గది అన్నాడు వంటాయన. నాన్నే ఇచ్చుంటారు, ఆయన చెప్పరుగా. ఆ తరువాత జరిగింది హోటలాయన ఇదివరకెన్నడూ వినలేదు, వినే వీలే ఎప్పుడూ లేదు. కింద హోటలు గొంతు తగ్గించింది. కత్తిపీట చప్పుడు నెమ్మదించింది. గిన్నెలు దించేవాళ్ళు గుడ్డ వేసి దించుతున్నారు, అది వినిపిస్తోంది, చప్పుడు కాకుండా చేసే ఆ చప్పుడు. హాల్లో కుర్చీని ఈడ్చబోయి ఎవరో ఎత్తి పెట్టారు. భార్య ఎవరినో ఉష్ అంది. బావి దగ్గర బకెట్టు గిలక అరవకుండా చేత్తో దించుతున్నారు. తన కోసం. ఎవరో తెలియని, అలిసిపోయిన మనిషి కోసం, కానీ ఆ మనిషి ఇప్పుడు తను. పుట్టినప్పటినుంచీ వేరేవాళ్ళ నిద్రకోసం మునివేళ్ళ మీద నడిచాడు తప్ప, తన నిద్రకోసం ఇంకొకరు నడిచిన గుర్తు లేదు, అమ్మ భుజం మీద తప్ప. తలగడ మీద తల పెట్టాడు. కళ్ళు చెమర్చాయి, ఉల్లిపాయల వాసన వల్ల అనుకుందామంటే ఉల్లిపాయలు ఎప్పుడో పొయ్యి మీదికెక్కాయి. ఎంత బాగుంది ఇది. ఇదా తాము ఇన్నాళ్ళూ వచ్చినవాళ్ళకు ఇస్తున్నది.

వేగుతున్న ఉల్లిపాయల వాసన నేరుగా కిటికీలోంచి వచ్చి ముక్కు మీద కూర్చుంటోంది. అందుకేనా మూలగదివాళ్ళు అందరికంటే ముందే భోజనానికి దిగేది. వాసన ఒక్కటే కాదు, మాటలూ వస్తున్నాయి, గుసగుసలతో సహా, పక్కన కూర్చుని చెబుతున్నట్టు. ఇంతగా వినిపిస్తుందా. అంటే ఇన్నేళ్ళూ పెరట్లో తామాడిన మాటలన్నీ, మొగుడూ పెళ్ళాల తగవులన్నీ, ఈ మంచం మీద పడుకున్నవాళ్ళు విన్నారా. పెద్దదాని పెళ్ళి సంబంధం గురించి జరిగిన రభస. తన గురక గురించి భార్య వంటాయన ముందే ఇచ్చిన ఉపన్యాసం. మీసాలకు రంగు వేసుకుని, వేసుకోలేదని ఒట్టు పెట్టుకున్న రోజు. అవునవును, ఆ మర్నాడే కదా మూలగదిలో దిగిన పంతులమ్మ గది ఖాళీ చేస్తూ తన మీసాలకేసి చూసి, మీరు ఎలా ఉన్నా బాగుంటారండీ అని ఎందుకో ఓదార్చి వెళ్ళింది. ఇంకెవరో ఆయన, వెళ్ళబోతూ, అమ్మగారికి కోపం తగ్గిందా అని అడిగితే, ఏ కోపం, ఈయనకెలా తెలుసు, జ్యోతిష్కుడేమో అనుకున్నాడు తను. ఈ గదికి మళ్ళీ మళ్ళీ వచ్చేవాళ్ళు ఎక్కువని గర్వపడ్డాడు, కిటికీలోంచి గాలి బాగా వస్తుందని. గాలి కోసం కాదు, కథలో తరువాత ఏమైందో తెలుసుకోవడానికి వచ్చేవాళ్ళు. హోటలాయన తలగడ నోటికి అడ్డం పెట్టుకుని, మంచం గోడవైపు ఒరిగేంతగా, కడుపు పట్టుకుని నవ్వాడు. హోటలువాడు కనిపించకూడదట. నువ్వు కనిపించలేదు నాయనా, నిక్షేపంగా వినిపించావు.

కింద కారు ఆగింది. కోటాయన ముందే వచ్చేశాడు, భోజనాల వేళ ఇంకా పూర్తిగా దాటకుండానే. కాసేపటికి ఆయన గొంతు పెరట్లోకే వచ్చింది, హాలు ఉక్కగా ఉందనీ, చెట్టు కింద కూర్చుంటాననీ, కోటు విప్పితే ఉక్క ఉండదని ఎవరూ ఆయనకు చెప్పలేదు. నాన్నగారు ఎక్కడ అన్నాడు. ఇక్కడే ఎక్కడో తలుపులు బాగుచేస్తుంటారు, పిలుస్తాను, ముందు మీరు కాఫీ తాగండి, మీకు చక్కెర తగ్గించమన్నారుగా డాక్టరుగారు, కిందటిసారి చెప్పారు, అంది వసపిట్ట. తగ్గిందా నడుము చుట్టుకొలత. మీ అబ్బాయి పరీక్ష ఏమైంది. కోటాయన చెప్పడం మొదలుపెట్టాడు. కిందటిసారి తనతో గోడల మందం గురించి తప్ప మాట్లాడని మనిషి కొడుకు పరీక్ష గురించీ, ఆ రెండు మార్కుల గురించీ, కొడుకు తనతో సరిగ్గా మాట్లాడకపోవడం గురించీ చెబుతూ పోయాడు. హోటలాయన పైనుంచి అన్నీ విన్నాడు, పిల్లి మరకను చూస్తూ. చివరకు కోటాయన తేరుకుని, ఇంతకీ ఈ మూలనున్న హోటలుకు మనుషులు పనిగట్టుకుని ఎందుకొస్తారో నాకర్థం కాదమ్మా, ఏముందిక్కడ, అన్నాడు. వసపిట్ట ముందు కాఫీ గ్లాసు తీసి పక్కన పెట్టిన చప్పుడు. అది ఆలోచించుకుని మాట్లాడడం కూడా ఇవాళే కొత్త.

"మా నాన్న ఎవర్నీ ఏమీ అడగరండీ, గుర్తుపెట్టుకుంటారు," అంది. "ఒకసారి వచ్చినాయన ఎన్నేళ్ళకి మళ్ళీ వచ్చినా ఎన్ని తలగడలు కావాలో అడగరు, పెట్టేస్తారు. కిటికీ తీసుంచాలో మూసుంచాలో కూడా అంతే. నాకంత జ్ఞాపకశక్తి లేదు. అందుకని నేను అడుగుతాను. అడిగితే గానీ నాకు మనుషులు తెలీరు."

మరి ఇంత తెలిసినదానివి, నువ్వే నడుపుకోవచ్చుగా అన్నాడు కోటాయన. కొనడానికి వచ్చినవాడు అడగాల్సిన మాట కాదది, కాఫీ మహత్యమో, కొడుకు మహత్యమో. "ఇస్తే నడుపుతాను. నాన్ననడిగాను కూడా. ఒక్కసారే అడిగాను," అంది వసపిట్ట, అని నవ్వింది, కానీ ఆ నవ్వు పకపకా వచ్చేది కాదు. ఊరందరి మోకాళ్ళ గురించీ పదిసార్లు అడిగే పిల్ల, తనక్కావలసినదాన్ని మాత్రం ఒక్కసారి అడిగి ఊరుకుంది. హోటలాయన కళ్ళు మూసుకున్నాడు. ఇన్నేళ్ళూ దాన్ని వాగుడు అనుకున్నాడు తను. మనుషుల్ని దాచుకునే అర తనకు తలలో ఉంది, దానికి నోట్లో ఉంది, అంతే తేడా. ఎంత మొద్దువిరా నువ్వు అనుకున్నాడు, పైకే అన్నాడేమో కూడా, ఇక్కడ అన్నీ ఎవరికో ఒకరికి వినిపిస్తాయి.

కోటాయన లేచినట్టున్నాడు. గదులు మరొకసారి చూస్తాను, కిందటిసారి ఆ మూలగది చూడలేదు, పద అన్నాడు. అక్కడ మనిషి పడుకున్నారండీ అంది వసపిట్ట. ఏముంది, తలుపు తట్టి ఒక్క నిమిషం చూసి వచ్చేస్తాం, ఆయనేమనుకుంటాడు అన్నాడు. హోటలాయన మంచం మీద లేచి కూర్చున్నాడు, ఇప్పుడు వస్తారు, కోటు ముందు పరువు పోనీ, తలుపైతే తెరుచుకుంటుంది. "తట్టనండీ," అంది కూతురు, మెల్లిగా, కానీ రాయిలాగా. "బయట బూట్లున్నాయి. మీరు కొన్నాక మీ ఇష్టం. అమ్మేదాకా ఇది మా హోటలు." కోటాయన మళ్ళీ కూర్చున్నాడు. శభాష్ అనుకున్నాడు హోటలాయన, తొడ చరుచుకోబోయి చప్పుడవుతుందని ఆపుకున్నాడు, మరుక్షణమే, మరి నా గతేమిటే తల్లీ అనుకున్నాడు. పిడిని మరోసారి కడ్డీకి తగిలించాడు, గిరగిరా తిరిగింది. పొద్దుటినుంచీ ఏమీ తినలేదు. ఉల్లిపాయలు కూరలో కలిసి, కూర వడ్డనకు వెళ్ళి, గిన్నెలు తోమే దశ కూడా వచ్చేసింది, ఆ వాసనల లెక్క అంతా కడుపుకు తెలుస్తోంది. ఏమండీ అని భార్య తన కోసం పెరడంతా, బావి దాకా, పాత చెప్పులు గుమ్మంలోనే ఉన్నాయే, ఒట్టికాళ్ళతో ఎక్కడికెళ్ళారు ఈ మనిషి అని వెతుకుతోంది. ఆవిడ గొంతులో చికాకు కింద కొంచెం దిగులు ఉంది, రోజూ దగ్గరినుంచి వింటే తెలియలేదు, ఇంత దూరంనుంచి తెలుస్తోంది. ఇక అరిచేద్దాం, ఏమైతే అదే అయింది, అనుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాడు.

అప్పుడే మళ్ళీ మెట్ల మీద అడుగులు. టపటపలు లేవు, ఉత్త పాదాలు. అయినా తెలుసు, ఆ మూడో మెట్టు మీద కాస్త ఎగిరి దిగే నడక ఈ ఇంట్లో ఒక్కరికే ఉంది. నడవాలోకి వచ్చింది. మూలగది దాకా వచ్చింది. ఆగింది. హోటలాయన తలుపు దగ్గరికి మునివేళ్ళ మీద వెళ్ళి నిలబడ్డాడు. ఒక్క మాట పిలిస్తే పోయేది, చిన్నమ్మాయ్ అని. పిలవలేదు. ఊపిరి బిగపట్టాడు. తట్టు. ఈ ఒక్కసారికి నా మాట వినకు. పొద్దున నేనన్నది మరిచిపో. ఇంత ఎత్తున్నప్పుడు తట్టినట్టు తట్టు. బయట అది ఊపిరి తీసుకుంటోంది, అది కూడా తన మాటనే తలుచుకుంటోందేమో, ఒక అడుగు వెనక్కి పడింది, హోటలాయన ప్రాణం కూడా ఆ అడుగుతో వెనక్కి పోయింది. ఆపైన తనలో తాను గొణుక్కోవడం వినిపించింది, తిడితే తిట్టనీ.

తలుపు మీద దబదబా.

"ఏవండీ, లోపల ఎవరైనా సరే, మీరు భోజనానికి రాలేదు. ఒంట్లో బాగానే ఉందా?"

ఆ మాట వినగానే ఎంత హాయిగా ఉందో చెప్పలేం. అలిసిపోయి, ఆకలేసి, ముక్కూ ముఖం తెలియని చోట పడుకున్న మనిషి తలుపు అవతల ఒక ఆడపిల్ల నిలబడి అన్నం తిన్నావా అని అడిగితే ఇలా ఉంటుందన్నమాట. చెప్పులున్న తలుపు తట్టకూడదని అమ్మ అన్నది లోపలి మనిషి కోసం. ఇది తట్టిందీ ఆ మనిషి కోసమే. అమ్మ ఉండి ఉంటే దీన్ని ముద్దు పెట్టుకునేది. బాగానే ఉందమ్మా అన్నాడు హోటలాయన. ఆపైన చాలా చిన్న గొంతుతో, నాన్నా, అంది. ఊఁ అన్నాడు. అందులో ఏం చేస్తున్నావు అంది. చేతిలో పిడి చూసుకుని, బస చేస్తున్నాను అన్నాడు. అవతల ఏమనుకుందో, కాగితం మడతా వడ్రంగీ అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయో, పకపకా నవ్వింది, నడవా అంతా వినిపించేట్టు, ఆ నవ్వుకు పక్కగదిలో విత్తనాల ఏజెంటు కూడా లేచి కూర్చునే ఉంటాడు. నవ్వి నవ్వి, ఆపుకుని, గొంతు సవరించుకుని, హాల్లో కొత్తగా దిగినవాళ్ళతో మాట్లాడే మర్యాద గొంతు పెట్టింది.

"మరి మాకు చెప్పనేలేదే. ఎన్నాళ్ళుంటారండీ?"

"నువ్వు ఉంచుకున్నన్నాళ్ళు," అన్నాడు హోటలాయన.

వసపిట్ట నోట మాట రాకపోవడం ఈ ఇంట్లో ఇదే మొదలు. తలుపు చెక్కకు నుదురు ఆనించినట్టు చిన్న చప్పుడు, ముక్కు ఎగబీల్చిన చప్పుడు, ఆ తరువాత బయటి పిడి తిరిగింది, తలుపు ఇట్టే తెరుచుకుంది. కళ్ళు ఎర్రగా, చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడింది. కిందనున్నాయనకి ఏం చెబుతావు నాన్నా, అని అడిగింది. నువ్వే చెప్పు అన్నాడు. నేనా. హోటలు నీదైనప్పుడు చెప్పాల్సింది నువ్వే కదా, అన్నాడు, కాఫీ ఇంకొకటి ఇచ్చి మెల్లిగా చెప్పు, వాళ్ళబ్బాయితో మాట్లాడమని కూడా చెప్పు, మీ అమ్మకు నేను దొరికానని చెప్పు, దిగులు పడుతోంది. ఒక పళ్ళెంలో ఏదైనా పంపించు, ఆకలితో చచ్చిపోతున్నాను. అది తలూపి, వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆ మెరిసే బూట్లను చూసి, ఇవి నీవా, లోపల పెట్టనా అంది. వద్దు, అక్కడే ఉండనీ, అన్నాడు హోటలాయన, మంచం మీద కాళ్ళు చాపుకుంటూ. తలుపు మాత్రం పూర్తిగా వెయ్యకు, దగ్గరగా లాగు చాలు.

ఒరిగిన మంచం మీద పడుకుని పిల్లికేసి చూశాడు. ఈ గదివాళ్ళకు ఇక కథలు వినిపించకుండా కిటికీకి ఏదైనా చెయ్యాలని వసపిట్టకు చెప్పాలి. చెప్పొద్దులే. వాళ్ళ మజా మనమెందుకు పాడుచెయ్యడం. కింద పెరట్లో కోటాయన గొంతు లేచింది, అదేమిటమ్మా, అదెలా కుదురుతుంది, మీ నాన్నగారిని పిలువు అంటూ. దాని వెంటనే కూతురి గొంతు, మెల్లిగా, మర్యాదగా, ఇంటావిడ గొంతు.

"కొంచెం నెమ్మదిగా మాట్లాడండి. పైన మూలగదిలో పడుకున్నారు."

కోటాయన గొంతు తగ్గించాడు.